కేబీఆర్ నుంచి మన్ననూరు దాకా: ఏ అడవికి ఎలా వెళ్లాలి

హైదరాబాద్ దగ్గర అడవి చూడాలనుకుంటే దూరం, టికెట్టు కంటే ముందు ఆ నేలకు చట్టంలో ఏ హోదా ఉందో చూడండి. అక్కడ ఏం మిగిలిందో చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

గజం లక్షల్లో పలికే జూబ్లీహిల్స్ నడుమ దాదాపు 390 ఎకరాల కేబీఆర్ (కాసు బ్రహ్మానందరెడ్డి) పార్కు నిలిచిందంటే, 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించబట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువుల్ని మేపనివ్వరు. హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు ఉండాలి. నెమళ్లు కనబడాలంటే గేటు తీయగానే లోపలుండండి, ఎండెక్కితే పొదల్లోకి పోతాయి. ఆదివారాలు మాత్రం రద్దీ, పార్కింగు ఓ యుద్ధం. ఈ రక్షణంతా కంచె లోపలికే. బయట ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రణాళికపై 2016లో జనం రోడ్డెక్కాల్సి వచ్చింది.

కృష్ణజింకల కోసమైతే వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలికే నా ఓటు. ఇదీ నేషనల్ పార్కే, 14.59 చదరపు కిలోమీటర్లు, ఒకప్పటి నిజాం వేటస్థలం. కృష్ణజింకకు బయలు గడ్డినేల కావాలి. తుప్పలు కమ్మేస్తే మేత తగ్గుతుంది, దూరంనుంచి వచ్చే ప్రమాదం కనబడదు. చట్టం ఇళ్లు లేవకుండా ఆపుతుందేగానీ తుప్పలు కొట్టదు, అది సిబ్బంది పని. సోమవారం సెలవు.

చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్తే పక్కనే మృగవని నేషనల్ పార్కు, గంటన్నర చాలు. పార్కు బయట జంట జలాశయాల (ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్) పరివాహకంలోని 84 గ్రామాలకు మాత్రం ఇంత గట్టి చట్టం లేదు, నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 111 ఉంది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలే సడలించబోయారు. జీవోను మరో జీవో కదిలించగలదు, ప్లాటు కొనేవాళ్లు కూడా ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రాత్రి బస చేయాలంటే శ్రీశైలం దారిలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వే. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి, సఫారీతో కలిపి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. పులి కనబడుతుందని మాత్రం ఆశపడకండి. శ్రీశైలం రోడ్డులో అడవి భాగం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. కొందరు విసుక్కుంటారుగానీ, రాత్రుళ్లు రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా ఆపేది ఆ గేటే. ఆలస్యంగా బయల్దేరితే చెక్‌పోస్టు దగ్గరే తెల్లవారుతుంది. పెట్రోలు అచ్చంపేటలోనే పోయించుకోండి, లోపల సిగ్నల్ అంతంతమాత్రం.