పక్షి సరే, దాని వెనకాల ఏముంది?

నీటిపక్షుల కోసం ఎక్కడికి వెళ్లాలని అడిగితే అందరూ లెక్కలు చెబుతారు. అక్కడ ఇన్ని వేల బాతులు, ఇక్కడ ఇన్ని వందల గూళ్లు అని. చూడ్డానికైతే ఆ లెక్క పనికొస్తుంది. ఫొటోకి కావాల్సింది వేరే. పక్షి వెనకాల ఏం కనబడుతుంది, కెమెరాని నీటికి ఎంత దగ్గరగా దించొచ్చు? నేనిప్పుడు చోట్లనీ, బసనీ, పడవనీ ఈ రెండు ప్రశ్నలతోనే ఎంచుకుంటున్నాను.

ఆ లెక్కన నా మొదటి ఓటు ఒడిశాలోని మంగళజోడికి. చిలికా సరస్సు ఉత్తరపు అంచున ఉన్న చిత్తడి నేల ఇది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు ఇక్కడ గైడ్లు. పడవలకి ఇంజను ఉండదు, గెడ వేసి తోస్తారు. పడవ అడుగున చతికిలబడి లెన్సుని అంచుమీద ఆనిస్తే అది నీటికి రెండడుగుల ఎత్తులో ఉంటుంది. అసలు సుఖమంతా అక్కడే.

ఎందుకో లెక్క వేసి చూడండి. పక్షి 15 మీటర్ల దూరంలో నీళ్లలో నిలబడి ఉంది, తల అరమీటరు ఎత్తున ఉంది అనుకుందాం. గట్టుమీద నిలబడి, రెండున్నర మీటర్ల ఎత్తునుంచి తీస్తే మన చూపు ఆ తల మీదుగా వెళ్లి నాలుగు మీటర్లలోపే నీటిని తాకుతుంది. అంటే తల వెనకాల కనిపించేది దాదాపు పక్కనే ఉన్న నీళ్లు, గడ్డి, తేలుతున్న చెత్త. అవి పూర్తిగా కరిగిపోవు. అదే పక్షిని 60 సెంటీమీటర్ల ఎత్తునుంచి తీస్తే చూపు 75 మీటర్ల అవతలిదాకా పోతుంది. అంత దూరంలో ఉన్నది ఏదైనా మెత్తటి రంగుగా మారిపోతుంది. లక్షలు పోసి పెద్ద అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) ఉన్న లెన్సు కొనడం కన్నా పడవలో మోకాళ్లు ముడుచుకోవడం చవక.

గైడ్లతో ఒక చిక్కుంది. మంచి గైడు అంటే పక్షికి బాగా దగ్గరగా తీసుకెళ్లేవాడని వాళ్లకీ అలవాటైపోయింది, మనకీ. సూర్యుణ్ణి వెనక పెట్టుకోవడం వాళ్లకి చెప్పక్కర్లేదు. వెనకాల ఇంకో పడవ ఉందనో, జమ్ము గుబురు ఉందనో మాత్రం మనమే చెప్పాలి. "ముందుకొద్దు, కాస్త ఎడమకి" అనే మాట ముందే నేర్చుకోండి. దూరాన్ని దగ్గరికి లాగే 500 ఎంఎం లెన్సుతో 15 మీటర్ల దూరంలోని పక్షిని చూస్తున్నప్పుడు మనం అరమీటరు పక్కకి జరిగితే 100 మీటర్ల దూరంలోని బ్యాక్‌గ్రౌండ్ దాదాపు మూడు మీటర్లు జరుగుతుంది. కరెంటు స్తంభం ఫ్రేములోంచి మాయమవడానికి అంత చాలు. ఆ లెన్సులో అంతదూరాన పట్టేదే ఏడు మీటర్ల వెడల్పు మరి.

అందుకే పదిమందిని ఎక్కించే పడవ ఎక్కకండి. పడవ మొత్తం మాట్లాడుకుంటేనే ఈ ఎడమా కుడీ కుదురుతుంది. బస మంగళజోడిలోనే దొరికితే భువనేశ్వర్ హోటల్ వైపు చూడొద్దు. గదులు సాదాసీదాగానే ఉంటాయి, కానీ భువనేశ్వర్ నుంచి వచ్చేసరికి తెల్లవారి వెలుగు సగం అయిపోతుంది.

ఇక పులికాట్ సరస్సు. ఇక్కడ పైన చెప్పిన సూత్రం తలకిందులవుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. రెండువైపులా రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు. కిందికి దిగి తీద్దామని చాలామంది రోడ్డు దిగువకి వెళ్తారు. దిగంతరేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే పడుతుంది, ఇది గుర్తుంచుకోవాలి. రాజహంస తల ఎత్తితే నాలుగైదు అడుగులుంటుంది. రెండడుగుల ఎత్తునుంచి తీస్తే అవతలి ఒడ్డు చెట్లవరస దాని ఒంటిమీదుగా అడ్డంగా గీత గీసేస్తుంది. రోడ్డుమీదనుంచే తీస్తే ఆ గీత తలపైకి పోతుంది, పక్షి మొత్తం నీటి రంగు మీద నిలబడుతుంది. పొట్టి ఉల్లంకి పిట్టకి కిందికి దిగాలి, పొడుగాటి పక్షికి పైనుండాలి. నీటిమట్టం మంత్రాన్ని గుడ్డిగా జపించేవాళ్లతో నాకు ఇక్కడే పేచీ.

శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు పక్షులకి ఎదురువెలుగు బాధ ఉండదు. పొద్దెక్కాక నీటిమీద వేడి గాలి అలలుగా లేస్తుంది, దూరపు పక్షి అంచులు కరిగిపోతాయి. ఏ లెన్సూ దానికి మందు కాదు. సూళ్లూరుపేటలో బస చేసి చీకటితోనే బయల్దేరి, ఎండ ముదిరేసరికి దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రం వైపు తిరగడం మంచి పద్ధతి.

నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలబడిన చెట్లమీద గూళ్లు కడతాయి. గూటిలో ఉన్న పక్షి వెనకాల ఇంకో గూడు, దాని వెనక కొమ్మలు, ఆకులమీద తెల్లటి రెట్టల మరకలు. దీన్ని శుభ్రం చేయాలని చూడటం దండగ. పక్షుల కాలనీ అంటేనే ఆ గందరగోళం. కాస్త వెడల్పుగా, ఎఫ్ 11 దగ్గర, అంటే లెన్సు రంధ్రం చిన్నగా పెట్టి, గుంపంతా స్పష్టంగా తీస్తేనే అందం. ఇక్కడి వాచ్‌టవర్‌ని ఫొటోవాళ్లు పట్టించుకోరు. నిజమే, నీటిలో ఈదే పక్షికి అది పనికిరాదు. ఎగిరే గూడబాతుకి మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు. కిందనుంచి తీస్తే వెలవెలబోయే ఆకాశం, టవర్ మీదనుంచి తీస్తే పక్షి మన ఎత్తులోనే వస్తుంది, వెనకాల ముదురాకుపచ్చ.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో 29 చదరపు కిలోమీటర్ల చోటులో పక్షులు రోడ్డుకి బాగా దగ్గరగా ఉంటాయి. రిక్షా నడిపేవాళ్లకి పక్షుల పేర్లు కంఠతా వచ్చు. తిరగడానికి సైకిల్ కన్నా రిక్షాయే నయం అంటాను, ఆగమన్నచోట ఆగుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. కానీ గట్ల పొడుగునా తుమ్మచెట్లే, ముళ్లకొమ్మలు లేని ఫ్రేము దొరకడం కష్టం. దానికి విరుగుడు డిసెంబరు, జనవరి పొగమంచు. ముందున్న కొంగ మిగులుతుంది, వెనకాల అడవి పోతుంది. మంచుని చూసి కెమెరా ఫొటోని చీకటిగా చేస్తుంది, ఒక స్టాప్ ఎక్కువ వెలుగు, అంటే రెట్టింపు, ఇవ్వండి. మంచు విడిపోయేలోపు లోపలుండాలి కాబట్టి బస గేటుకి నడిచేంత దూరంలో చూసుకోండి, గది ఎలా ఉన్నా సరే.

కర్ణాటకలోని రంగనతిట్టులో కావేరి మధ్య బండలమీద కూర్చున్న నదీ టెర్న్ పక్షులకి వెనకాల వట్టి నీళ్లే. పక్కనే మొసళ్లు కూడా, చెయ్యి బయటపెట్టకండి. నీటికి సొంత రంగు లేదు, అవతలి ఒడ్డు రంగే దానిది. పడవ కాస్త తిరిగితే అదే బండ వెనకాల ఆకుపచ్చ పోయి బూడిదనీలం వస్తుంది. తెల్లకొంగని ముదురు నీడ మీదకి తెచ్చినప్పుడు వెలుగు ఒక స్టాప్ తగ్గించండి, లేదంటే ఈకలు సున్నం కొట్టినట్టు అయిపోతాయి.

అపర్చర్ గురించి ఒక్క మాట. 500 ఎంఎం, ఎఫ్ 5.6, పది మీటర్ల దూరం, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరా అయితే ఫోకస్‌లో ఉండే లోతు 13 సెంటీమీటర్లే. కన్ను నుంచి రెక్కదాకా సరిపోదు ఒక్కోసారి. బ్యాక్‌గ్రౌండ్ దూరంగా ఉంటే ఎఫ్ 8 పెట్టినా అది మెత్తగానే ఉంటుంది.

ఒకచోట పడవ నడిపే ఆయన, అడగకుండానే, గూటికి అడ్డంగా ఉన్న కొమ్మని వంచబోయాడు. ఆ కొమ్మ నీడలోనే పిల్లలుంటాయి. ఇలాంటివాళ్లకి టిప్పు ఇవ్వకండి, ఎందుకివ్వట్లేదో కూడా చెప్పండి. అడ్డొచ్చిన పుల్లని ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్‌లో తుడిచేయొచ్చు. పోటీలకి పంపేవాటిలో మాత్రం వద్దు, చాలా పోటీలు అసలు రా ఫైల్, అంటే కెమెరా తీసినది తీసినట్టున్న ఫైల్, అడుగుతాయి.