బీజీ-2 పత్తి విత్తన ప్యాకెట్: 475 గ్రాముల్లో ఏముంది, ఏం లేదు

బీజీ-2 అంటే పురుగును చంపే రెండు బ్యాక్టీరియా జన్యువులు (బీటీ) పెట్టిన పత్తి. ప్యాకెట్ పైన ఏ కంపెనీ బొమ్మ ఉన్నా లోపలి సరుకు స్వరూపం ఒకటే. యాసిడ్‌తో నూగు తీసి, మందు, రంగు పట్టించిన 475 గ్రాముల సంకర విత్తనం, అందులోనే 5 నుంచి 10 శాతం బీటీ లేని గింజలు. 2025-26కి కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 901 రూపాయలు.

వంద గింజలు సుమారు 9 గ్రాములు తూగుతాయి కాబట్టి ప్యాకెట్‌కు 5 వేల పైచిలుకు గింజలు వస్తాయి. సంకర పత్తికి కనీస మొలక శాతం 75. అంటే లెక్కకు 4 వేల మొక్కలే. 90×60 సెంటీమీటర్ల దూరంలో ఎకరానికి 7,500 మొక్కలు పడతాయి. ఒక్క ప్యాకెట్‌తో ఎకరం సరిపెట్టాలనుకుంటే సాళ్లలో ఖాళీలు తప్పవు, రెండు కొనాల్సిందే.

బీటీ పత్తిపై పాతికేళ్లుగా ఉన్న అపవాదు, పండిన గింజ తిరిగి మొలవదని. ఇది తప్పు. ఆ పేరు తెచ్చింది ‘టెర్మినేటర్’. అమెరికాలో డెల్టా అండ్ పైన్ ల్యాండ్ కంపెనీ, అక్కడి వ్యవసాయ శాఖ కలిసి 1998 మార్చిలో పొందిన 5,723,765 నంబరు పేటెంట్ అది. దాని ప్రకారం అమ్మే ముందు గింజను టెట్రాసైక్లిన్‌లో నానబెడితే లోపలి జన్యు మీట తెరుచుకుంటుంది. రైతు వేసిన గింజ మామూలుగానే మొలిచి కాస్తుంది. కొత్త గింజ ముదిరే చివరి దశలో మాత్రం ప్రోటీన్ తయారీని ఆపే విషం పుట్టి పిండం చచ్చిపోతుంది. దూదికీ నూనెకూ లోటుండదు, మొలకే ఉండదు. కాగితంపై తెలివైన పథకమే. కానీ ఏ పంటలోనూ మార్కెట్‌కు రాలేదు. అలాంటి సాంకేతికత ఉన్న రకాలను మన 2001 మొక్కల రకాల పరిరక్షణ చట్టం 29(3) సెక్షన్ నమోదుకే రానివ్వదు.

మరి ఏటా ఎందుకు కొనాలి? సంకరం కాబట్టి. దాచిన గింజ శుభ్రంగా మొలుస్తుంది, కానీ చేను ఒక్క తీరుగా ఉండదు. ఒక మొక్క ఎత్తుగా, ఒకటి గుబురుగా, కాయ సైజు, పింజ పొడవు దేనికదే. పురుగును ఆపే రెండు జన్యువులూ (క్రై1ఏసీ, క్రై2ఏబీ) మన సంకరాల్లో సాధారణంగా ఒక తల్లిదండ్రి వైపు నుంచే వస్తాయి. అందుకే రెండో తరంలో సుమారు నాలుగో వంతు మొక్కల్లో క్రై1ఏసీ ఉండదు, పదహారింట ఒక వంతులో రెండూ ఉండవు. వంధ్యత్వం పెట్టకుండానే కంపెనీకి ఏటా గిరాకీ.

అసలు లోపం ఇంకోచోట ఉంది, లేబుల్ దాని గురించి చెప్పదు. మనం కొన్న గింజ మొదటి తరం, చేలో కాసిన కాయలోని గింజలు మాత్రం రెండో తరం. అంటే పైన చెప్పిన జన్యువుల చీలిక కాయలోపలే జరుగుతుంది. గులాబీ రంగు పురుగు తినేది ఆ గింజల్నే. ఒకే కాయలో బీటీ విషమున్నవీ, సగమున్నవీ, అసలు లేనివీ దొరికితే దానికి అలవాటు పడడం తేలిక. బీజీ-2ను అది తట్టుకోవడానికి శాస్త్రవేత్తలు చూపే కారణాల్లో ఇదొకటి, పంటను వేసవి దాకా సాగదీయడం మరొకటి. కాబట్టి గులాబీ పురుగు కోసమైతే ఈ ప్యాకెట్‌ను నమ్మకండి. పూత మొదలయ్యే నాటికే లింగాకర్షక బుట్టలు కట్టండి. శనగపచ్చ పురుగు మీద ఇప్పటికీ మేలే.

బీటీ లేని గింజలు కలిపే ఇస్తారు కాబట్టి ఎకరంలో 375 నుంచి 750 మొక్కలకు పురుగు పట్టడం సహజం. దాన్ని చూసి నకిలీ విత్తనమని గొడవపడితే నిలవదు. అనుమానముంటే వేర్వేరు మొక్కల ఆకులతో బీటీ స్ట్రిప్ పరీక్ష చేయించాలి.

మొలక దెబ్బతినేది ఎక్కువగా తొందరపాటుతోనే. 60–70 మిల్లీమీటర్ల వాన పడకముందే పొడి దుక్కిలో వేయడం, 5 సెంటీమీటర్లకన్నా లోతుకు పోవడం. ముందుగా వంద గింజలు తడి గోనెలో చుట్టి, 4వ రోజున ఒకసారి, 12వ రోజున చివరిగా లెక్కపెట్టండి. మిగిలిన రంగు గింజ గొడ్ల దాణాకు పనికిరాదు.

ఏటా కొనడం ఇష్టం లేనివారికి నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ సూరజ్ బీటీ లాంటి సూటి (సంకరం కాని) రకాలున్నాయి. వాటి గింజ దాచుకోవచ్చు. కాకపోతే వాటిలో ఒక్క క్రై1ఏసీయే ఉంటుంది, గులాబీ పురుగుకు అదీ అడ్డు కాదు.

కొనేటప్పుడు పరీక్ష తేదీ, గడువు, లాట్ నంబరు చూసి బిల్లు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్, ట్యాగ్, గుప్పెడు గింజలు పంట అయ్యేదాకా ఉంచుకోండి. మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే మొదట అడిగేది అవే.