ఖాళీలు వెతికే ఆటగాడితో ఆరు సీజన్లు

క్లబ్బును నడిపే కంప్యూటర్ ఆట ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో ఎడమ అంచున రౌమ్‌డాయిటర్‌ను, అంటే ఖాళీలు వెతుక్కుంటూ తిరిగే దాడి ఆటగాణ్ని, పెట్టుకుని నేను ఆరు సీజన్లు ఆడాను. 2025 ఆట విడుదల కాకుండానే రద్దు కావడంతో పాత ఆటలోనే, పాత జట్టుతోనే ఉండిపోయాను. ఒకే వ్యూహాన్ని ఇంతకాలం పట్టుకుని ఉండటం నాకు ఇదే మొదటిసారి. అంతగా నచ్చింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

రౌమ్‌డాయిటర్ అన్న పేరు జర్మన్ ఫుట్‌బాలర్ థామస్ ముల్లర్ 2011లో తన గురించి తాను చెప్పుకున్న మాట. కలలకు అర్థం చెప్పేవాణ్ని జర్మన్‌లో ట్రౌమ్‌డాయిటర్ అంటారు. ముందున్న ఒక్క హల్లు తీసేస్తే, ఖాళీలకు అర్థం చెప్పేవాడు అవుతాడు. 2010 ప్రపంచ కప్‌లో 5 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్న ముల్లర్‌కు మెరుపు వేగమూ లేదు, కళ్లు చెదిరే డ్రిబ్లింగూ లేదు. బంతి ఎక్కడికి రాబోతోందో అందరికంటే ముందు తెలుసు, అంతే. ఆటలోని పాత్రనూ అలాగే మలిచారు. దీనికి అటాక్ డ్యూటీ (దాడి చేసే బాధ్యత) ఒక్కటే ఉంది, వెనక్కి వచ్చి కాపు కాయమని అడిగే వీలే లేదు.

నేను ఎంచుకున్న క్లబ్బు హాంబర్గ్‌లోని సాంక్ట్ పౌలి. మొదటి సీజన్లో 4-2-3-1 ఆకృతిలో (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, వారి ముందు ముగ్గురు, చివర ఒక స్ట్రైకర్) రెండు అంచులకూ ఇదే పాత్ర ఇచ్చాను. ఫలితం ఘోరం. ఇద్దరూ లోపలికి వచ్చేసి, ముందున్న స్ట్రైకర్‌తో కలిసి పెనాల్టీ బాక్సులోనే గుమిగూడేవారు. అంచులు బోసిపోయేవి. ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్‌లు (అంచుల్లో ఉండే రక్షకులు) ఎవరి అడ్డూ లేకుండా పైకి వచ్చి, తీరిగ్గా క్రాసులు (అంచు నుంచి బాక్సులోకి బంతులు) వేసేవారు. మ్యాచ్ అయ్యాక సగటు స్థానాల పటం తెరిస్తే, మా ముగ్గురి చుక్కలూ దాదాపు ఒకదాని మీద ఒకటి ఉండేవి. ఆ పటం చూశాకే విషయం బోధపడింది. ఒకరికి స్వేచ్ఛ ఇవ్వాలంటే మిగతా పదిమందినీ దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

అప్పటినుంచి ఎడమవైపు ఒక్కడికే ఆ స్వేచ్ఛ. కుడి అంచున గీతను పట్టుకుని ఉండే మామూలు వింగర్. స్ట్రైకర్ స్థానంలో డీప్ లయింగ్ ఫార్వర్డ్: అతను కిందికి దిగితే సెంటర్‌బ్యాక్ వెంట వస్తాడు, ఆ వెనక తెరుచుకున్న సందే మనవాడి ఇల్లు. ఎడమ ఫుల్‌బ్యాక్ సపోర్ట్ డ్యూటీతో పైకి వెళ్లి వెడల్పు ఇస్తాడు. అతని వెనక ఖాళీని చూసుకోవడానికి అదే వైపు మిడ్‌ఫీల్డర్‌ను డిఫెండ్ డ్యూటీలో ఉంచాను. కుడి ఫుల్‌బ్యాక్ కదలడు. ఈ చివరి రెండు మార్పులు చేయకపోతే మాత్రం ప్రతి ఎదురుదాడీ మీ ఎడమవైపు నుంచే వస్తుంది.

ఆటగాడి ఎంపికలో చాలామంది వేగం చూస్తారు. నేను కొన్న పందొమ్మిదేళ్ల కుర్రాడి వేగం 20కి 11 మాత్రమే. కానీ ఆఫ్ ది బాల్ (బంతి లేనప్పటి కదలిక) 16, యాంటిసిపేషన్ (ముందే పసిగట్టడం) 15, కంపోజర్ (ఒత్తిడిలో నిబ్బరం) 14. మూడో సీజన్లో అతను కొట్టిన ఒక గోల్ ఇప్పటికీ కళ్లముందుంది. బంతి కుడి అంచున మా వింగర్ దగ్గర ఉంది. కుర్రాడు ఎడమవైపు నడుస్తున్నాడు, పరుగు కూడా లేదు. ప్రత్యర్థి రైట్‌బ్యాక్ ఒక్కసారి తల తిప్పి బంతి వైపు చూశాడు. ఆ క్షణంలోనే మనవాడు అతని వీపు వెనక్కి జారుకున్నాడు. క్రాస్ దూరపు స్తంభం దగ్గర పడేసరికి చుట్టూ ఎవరూ లేరు. కాలు ఆనించాడు, గోల్. వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాను. ఆ సీజన్లో అతని గోల్స్‌లో సగానికి పైగా ఇలా కుడి నుంచి దూరపు స్తంభానికి వచ్చిన బంతులే.

ఓపిక మాత్రం కావాలి. గంటసేపు బంతి తాకకుండా, పదికి 6.4 రేటింగ్‌తో కనిపిస్తాడు. మార్చేయాలని చేయి లాగుతుంది. పైకి వచ్చి ఆడే జట్ల మీదైతే మార్చకండి, ఒక్క అవకాశం చాలు అతనికి. పదకొండుమందినీ సొంత బాక్సు ముందు గోడలా నిలిపే జట్ల మీద మాత్రం ఈ పాత్ర పనిచేయదు. వెతకడానికి ఖాళీయే ఉండదు. అలాంటి మ్యాచుల్లో అతన్ని బెంచీ మీద ఉంచి, ఎడమవైపు కూడా డ్రిబ్లింగ్ తెలిసిన వింగర్‌ను దింపుతున్నాను. ఆరు సీజన్ల తర్వాత కూడా దీనికి ఇంతకంటే మంచి విరుగుడు నాకు దొరకలేదు.

ఇప్పుడు అతనికి పాతికేళ్లు. ఈ వేసవిలో పెద్ద క్లబ్బు ఒకటి మంచి ధర ఇస్తానని వచ్చింది. అమ్మలేదు. అకాడమీలో ఆఫ్ ది బాల్ 12తో పదహారేళ్ల పిల్లవాడు ఒకడు వచ్చాడు. ముందున్నవాణ్ని అతనికి మార్గదర్శిగా పెట్టి, ఎడమ అంచులోనే శిక్షణ మొదలుపెట్టాను.