లెన్స్ పోయిందనుకున్నా, పోలేదు

కడపలో ఏడురోడ్ల దగ్గర ఓ పాత కెమెరా మెకానిక్ ఉన్నాడు. ఫోర్ బై ఫైవ్ కెమెరాకు (నాలుగు అంగుళాలకు ఐదు అంగుళాల విడి ఫిల్ము షీట్లతో తీసే పెద్ద కెమెరా) రిపేరు మన ఊర్లో దొరకడమే గొప్ప.

గండికోట మాధవరాయస్వామి గుడి గోపురం మూడుసార్లు తీశాను. ఫోకస్ చూసుకునే వెనక గరుకు గాజు, అంటే గ్రౌండ్ గ్లాసు మీద లూపుతో (చిన్న భూతద్దం) చూస్తే శిల్పాల కళ్లు కూడా తేటగా కనిపిస్తాయి, ఫిల్ములో మాత్రం అంతా మెత్తగా వస్తోంది. లెన్సు అమ్మేసి ఇంకోటి కొనమని వేరే చోట చెప్పారు. మనసొప్పలేదు.

ఈయన ముందుగా నా 150 ఎం.ఎం. లెన్సులోకి టార్చి కొట్టి చూశాడు. లోపల మసక లేదు, బూజు లేదు. ముందూ వెనకా గాజులు బిగువుగానే ఉన్నాయి. "లెన్సుకేం కాలేదు సార్, టేపు పరచండి" అన్నాడు. కొలత టేపును ఏటవాలుగా పెట్టి, రెండు మీటర్ల దూరంలో ఉన్న అంకె మీద ఫోకస్ చేసి, లెన్సు రంధ్రం బాగా తెరిచి, ఎఫ్ 5.6లో ఒక ఫిల్ము షీటు తీయించాడు. రాత్రి ఇంట్లో కడిగితే, ఆ అంకెకు అర అడుగు వెనకున్నది తేటగా వచ్చింది!

తప్పు నాదే. వెలుతురు పెరుగుతుందని ఫ్రెనెల్ షీటును (సన్న గీతలుండే పల్చటి ప్లాస్టిక్ లెన్సు) గ్రౌండ్ గ్లాసుకు లెన్సు వైపున దూర్చాను. దాంతో గాజు వెనక్కి జరిగింది, ఫిల్ము మాత్రం తన చోటే ఉంది. ఆయన షీటును బయటి వైపుకు మార్చి, గాజు లోతును ఫిల్ము పెట్టే హోల్డరు లోతుతో, కాలిపరు (లోతు కొలిచే పరికరం) పెట్టి సరిచూశాడు. తీసుకున్నది మూడొందలు.

ఆయన దగ్గర షట్టరు వేగం కొలిచే మిషను లేదు, సాయంత్రం ఐదు తర్వాతే దొరుకుతాడు. అయినా లెన్సు కొనేముందు ఈయనకు చూపించండి. నేను ఆదివారం మళ్లీ గండికోట పోతున్నా.