ఆటోనగర్ షెడ్డులో విడిభాగాల క్లీనర్లు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పే షెడ్డు ఏదైనా సరే, గుమ్మం దగ్గర ఒక రేకు ట్రే, అందులో నల్లబడిన కిరోసిన్, అరిగిన బ్రష్ కనిపిస్తాయి. బైకులు, ఆటోలు, చిన్న ట్రక్కుల ఇంజన్లు చూసే మా షెడ్డులోనూ చాలాకాలం అదే పద్ధతి. ఇప్పుడు ఆ ట్రే ఉన్నచోట నీళ్లలో కలిపి వాడే క్షార డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) తొట్టి ఉంది. పక్క అరలో స్ప్రే డబ్బాలు ఉన్నాయి. ఎండల్లోనూ వానల్లోనూ వీటన్నిటితో పని చేశాక తేలినది రాస్తున్నాను. క్లీనర్ కొనేవాళ్లు సాధారణంగా మురికి బాగా వదులుతుందా అని అడుగుతారు. ఆ మురికి కింద ఉన్నది పోత ఇనుమా, అల్యూమినియమా, రబ్బరా అని ముందు చూసుకోమంటాను నేను. డబ్బా ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కిరోసిన్ మీద నాకు కోపమేమీ లేదు. జిడ్డును నెమ్మదిగా కరిగిస్తుంది, ఇనుమును తుప్పు పట్టనివ్వదు. ఓ-రింగులున్న (లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులున్న) బైకు చైనుకు ఇప్పటికీ దాన్నే వాడతాను. ఇబ్బంది మన ఊరి ఎండతో వస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం కిరోసిన్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలి. అంటే ద్రవం ఆ వేడికి చేరాక, దాని మీద లేచే ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. మే నెలలో బెజవాడలో 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం, రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ. పక్క షెడ్డులో లారీ బాడీకి వెల్డింగ్ జరుగుతూనే ఉంటుంది. జనవరిలో నడిచిన పని మేలో నడవదని మా కుర్రాళ్లకు పదేపదే చెబుతుంటాను. పెట్రోలుతో కడగడం అయితే ఏ కాలంలోనూ ఒప్పుకోను. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి నేల వెంట పాకి ఎక్కడో ఉన్న నిప్పును అందుకుంటుంది.

ఇక మా ప్రధాన క్లీనర్. క్షారం, సబ్బులాంటి పదార్థాలు, తుప్పును ఆపే రసాయనం కలిసిన ద్రవం ఇది. గ్రీజు దట్టంగా ఉన్న భాగాలకు ఒక పాలు క్లీనరుకు పది పాళ్లు నీళ్లు, మామూలు ఆయిలు మరకలకు ఇరవై పాళ్లు కలుపుతాం. చల్లటి నీళ్లలో కలిపి, ఇది పనికిరాదని తిట్టిపోసేవాళ్లను చాలామందిని చూశాను. 55 నుంచి 60 డిగ్రీల వేడి తగిలితేనే దీని సత్తా తెలుస్తుంది. మడ్డి మెత్తబడి, తడిసిన అట్టముక్కలా పొరలుగా ఊడి వస్తుంది. అందుకే హీటరు, థర్మోస్టాట్ ఉన్న స్టీలు తొట్టి చేయించాం. అరగంట నానబెట్టి ఒకసారి బ్రష్ కొడితే క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు పెట్టె) మూలలు కూడా తేటపడతాయి. కిరోసిన్‌తో ఆ మూలల దగ్గరే బోలెడంత సమయం పోయేది. సాయంత్రం ఇంటికి వెళ్లాక చేతుల నుంచి ఆ వాసన రాకపోవడం నాకు చిన్న విషయం కాదు.

లోపాలూ ఉన్నాయి. పిస్టన్ నెత్తిన గట్టిపడిన కార్బన్‌ను ఇది కదిలించలేదు. అక్కడ ఓపిగ్గా ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకాల్సిందే. రెండోది తుప్పు. తొట్టిలోంచి తీసి కడిగిన పోత ఇనుము బోరును (పిస్టన్ ఆడే గొట్టాన్ని) అలాగే వదిలేస్తే కాసేపటికే ఎర్రటి పొర కడుతుంది. వానాకాలం తేమలో మరీ త్వరగా కడుతుంది. కంప్రెసర్ గాలి కొట్టి, ఆయిలు దారుల్లో నీటిచుక్క మిగలకుండా చూసి, వెంటనే పలుచగా నూనె పూయాలి. అంత ఓపిక లేని షెడ్డుకు ఈ క్లీనర్ కొనమని చెప్పను.

కొనేముందు చూడాల్సింది పీహెచ్, అంటే ద్రవంలో ఆమ్ల, క్షార గుణం ఎంతో చెప్పే అంకె. అల్యూమినియం ఒంటి మీద సహజంగా ఒక ఆక్సైడ్ పొర ఉంటుంది, అదే దానికి రక్ష. పీహెచ్ సుమారు 9 దాటితే ఆ పొర కరగడం మొదలవుతుంది. సిలికేట్లు కలిపిన డీగ్రీజర్లు అంతకన్నా ఎక్కువ పీహెచ్‌లోనూ అల్యూమినియంను కాపాడగలవు. కాబట్టి పీహెచ్ కాగితం ముంచి చూస్తాను కానీ, అంకెను మాత్రమే నమ్ముకోను. కొత్త క్యాను రాగానే పనికిరాని అల్యూమినియం కవరు ముక్కను అందులో రాత్రంతా ఉంచుతాను. పేరూ ఊరూ లేకుండా విడిగా అమ్మే ఒక సరుకులో వేసిన ముక్క తెల్లారేసరికి బూడిద రంగు మసితో బయటికి వచ్చింది. అలాంటిది ఇనుముకు మాత్రమే. వట్టి కాస్టిక్ సోడా సంగతి చెప్పనే అక్కర్లేదు. బైకు ఇంజన్ హెడ్‌ను అందులో వేస్తే నురగ వస్తుంది, మురికి వదులుతోందని సంబరపడతారు. నిజానికి అక్కడ అల్యూమినియమే కరిగిపోతూ, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు బయటికి వస్తోంది.

రబ్బరు విషయంలో జరిగే పొరపాట్లు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అవి వెంటనే బయటపడవు. ఇంజన్లో, ఇంధనం దారిలో సాధారణంగా ఉండే నైట్రైల్ రబ్బరు సీళ్లు (కారకుండా ఆపే రింగులు) ఆయిలుకు, కిరోసిన్‌కు తట్టుకుంటాయి. బ్రేకు క్యాలిపర్‌లోని (డిస్కును నొక్కి పట్టే భాగంలోని) సీళ్లు మాత్రం ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. డాట్ 3, డాట్ 4 రకం బ్రేకు ఆయిలుకు అవి చెక్కుచెదరవు కానీ కిరోసిన్, పెట్రోలు, ఇంజన్ ఆయిలు తగిలితే ఉబ్బుతాయి. ఉబ్బిన సీలు క్యాలిపర్ పిస్టన్‌ను వెనక్కి రానివ్వదు, బ్రేకు పట్టేసినట్టే ఉండి డిస్కు కాలిపోతుంది. క్యాలిపర్ విప్పితే కిరోసిన్ దగ్గరికే తీసుకెళ్లకూడదని మా షెడ్డులో నియమం. సీళ్లను కొత్త బ్రేకు ఆయిలుతోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తుడుస్తాం. ఆ బ్రేకు ఆయిలు బైకు పెయింటు మీద పడకుండా చూసుకోవాలి, పెయింటును తినేస్తుంది.

డిస్కుకు, క్యాలిపర్ లోహపు భాగాలకు బ్రేక్ క్లీనర్ స్ప్రే నాకు బాగా నచ్చింది. జిడ్డును కడిగి, ఏమీ మిగల్చకుండా ఆరిపోతుంది. ఖరీదైన సరుకు కాబట్టి ముందు గుడ్డతో తుడిచి, చివరి కడుగుడుకే వాడతాను. అయితే వీటిలో రెండు రకాలు ఉన్నాయి. క్లోరిన్ లేని వాటిలో అసిటోన్, హెప్టేన్ వంటివి ఉంటాయి, అవి సులువుగా అంటుకుంటాయి. క్లోరిన్ ఉన్న వాటిలో టెట్రాక్లోరోఎథిలీన్ ఉంటుంది. అది అంటుకోదు కాబట్టి వెల్డింగ్ పక్కన అదే మేలనిపిస్తుంది. ఆ ఆలోచన ప్రాణాల మీదకు తెస్తుంది. ఆ ద్రవం ఆరకుండా ఉన్న లోహం మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ వాయువు పుట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులను చంపడానికి వాడిన వాయువే అది. పీల్చినప్పుడు పెద్దగా ఇబ్బంది తెలియకపోయినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. వెల్డింగ్ మంట చల్లారని ఆటోనగర్‌లో ఆ రకం డబ్బాకు చోటే ఉండకూడదు. మేము క్లోరిన్ లేనిదే, షెడ్డు బయట, నిప్పుకు దూరంగా వాడతాం. అసిటోన్ నైట్రైల్ గ్లవ్స్‌ను త్వరగానే దాటి చర్మానికి చేరుతుంది, తడిసిన వెంటనే మార్చాలి.

పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌ను కడిగే స్ప్రే అవసరం తగ్గింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకులు కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పాత బండి కార్బురేటర్‌లోని ఇత్తడి జెట్లకు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలకు) ఇప్పటికీ దీనికి సాటి లేదు కానీ రబ్బరు డయాఫ్రమ్ తీసి పక్కన పెట్టాకే కొట్టాలి. అదే స్ప్రేను కొత్త బళ్ల థ్రాటిల్ బాడీ (ఇంజన్‌కు గాలి వెళ్లే దారి) మీద కొడితే, కొన్నిటికి ఉండే లోపలి పూత పోతుంది. థ్రాటిల్ బాడీకి అని రాసి ఉన్న డబ్బానే తీసుకోండి. తుప్పు వదలాలని బాత్‌రూమ్ యాసిడ్‌లో స్ప్రింగులు నానబెట్టడం మాత్రం మానాలి. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి, పైకి మెరిసే స్ప్రింగు నడుస్తుండగా పుటుక్కున విరగవచ్చు.

నీటి క్లీనర్ కదా, కాలవలో పారబోయవచ్చు అనుకునేవాళ్లకు ఒక మాట. అందులో కలిసింది ఇంజన్ ఆయిలే. మా తొట్టి రాత్రంతా కదలకుండా ఉంటే ఆయిలు పైకి తేలుతుంది. దాన్ని తోడి, పాత ఇంజన్ ఆయిలు డ్రమ్ములో పోస్తాం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిలును అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. అడుగున దిగిన మడ్డిని కూడా విడిగా మూతపెట్టి ఉంచి, వ్యర్థాలు తీసుకునే వాళ్లకే అప్పగిస్తాం. మధ్యలో మిగిలిన ద్రవాన్ని వడకట్టి మళ్లీ వేడిచేస్తే ఇంకా చాలా సామాను కడుగుతుంది. పట్టు తగ్గిందనిపించినప్పుడు కాస్త క్లీనర్ కలుపుకుంటే సరిపోతుంది.