మైలోమాలో ఎముకలు చూడాలంటే ఎక్స్‌రేలా, సీటీనా?

మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఎముకల్ని లోపలి నుంచి తినేస్తుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అని ఊపిరి పీల్చుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఎముకలో ఖనిజం దాదాపు 30 నుంచి 50 శాతం పోతే తప్ప ఆ చిల్లు ఎక్స్‌రేలో సరిగా కనబడదు. పైగా తల, వెన్ను, కటి, తొడలు అంటూ ఒక్కొక్కటే తీస్తారు. నడుము నొప్పితో ఉన్న మనిషిని అలా అటూ ఇటూ తిప్పడం ఎంత నరకమో!

తక్కువ రేడియేషన్ మోతాదుతో ఒళ్లంతా ఒకేసారి తీసే హోల్ బాడీ సీటీ స్కాన్‌కైతే వెల్లకిలా పడుకుంటే చాలు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. వెన్నెముకలో, కటిలో ఎక్స్‌రే వదిలేసే చిన్న చిల్లులు కూడా చాలావరకు దొరుకుతాయి. స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్ అక్కర్లేదు. ఆ మందు కిడ్నీలకు భారం కావచ్చు, ఈ జబ్బులో కిడ్నీలు తరచూ దెబ్బతింటాయి కూడా, కాబట్టి అది చిన్న విషయం కాదు. రేడియేషన్ ఎక్స్‌రేల కన్నా ఎక్కువే, మామూలు సీటీ కన్నా తక్కువ.

ఎక్స్‌రే చవక, ఎక్కడైనా దొరుకుతుంది, అంతే. నేనైతే సీటీయే అంటాను. అది దొరక్కపోతే ఎక్స్‌రే తీయించండి, కానీ అందులో ఏమీ లేదని అక్కడితో ఆగిపోవద్దు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా మాత్రం వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండొచ్చు, అప్పుడు ఈ రెండూ కాదు, వెంటనే ఆస్పత్రికెళ్లి వెన్నెముక ఎమ్మారై చేయించాలి.