పిల్లల ఐసీయూలో ఇన్ఫెక్షన్ల లెక్క: ల్యాబ్ రిజిస్టరా, వార్డు రౌండా?

ఆసుపత్రిలో చేరిన 48 గంటలు దాటాక మొదలైన ఇన్ఫెక్షన్‌ను సాధారణంగా ఆసుపత్రిలో అంటుకున్నదిగా లెక్కిస్తారు. దాన్ని పట్టుకునే దారులు రెండు: ల్యాబ్ రిజిస్టర్‌లో కల్చర్ (రక్తం లాంటి నమూనాలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) ఫలితాలు చూడటం, లేదా వార్డు రౌండ్‌లో పిల్లల్ని స్వయంగా చూడటం.

ఖర్చు: ల్యాబ్ రిజిస్టర్ ఎలాగూ ఉంటుంది. రౌండ్లకు అదే పని మీద ఉండే నర్సు కావాలి.

శ్రమ: రిజిస్టర్‌ను వారానికోసారి తిరగేస్తే చాలు. రౌండ్ అంటే రోజూ ప్రతి మంచం దగ్గరికీ వెళ్లాలి, ఎవరికి ఎన్ని రోజులుగా లైన్ (రక్తనాళంలో పెట్టిన సన్న గొట్టం) ఉందో రాసుకోవాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పసికందు నుంచి కల్చర్‌కు సాధారణంగా తీయగలిగేది సుమారు ఒక్క మిల్లీలీటరు రక్తం. అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, అప్పుడు ఆ బిడ్డ లెక్కలోకే రాదు. రౌండ్‌లో అయితే సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వెళ్లే గొట్టం) చుట్టూ ఎర్రబడ్డ చర్మం, తడిసి ఊడొస్తున్న డ్రెస్సింగ్ కంటపడతాయి. "ఈ లైన్ ఇంకా అవసరమా?" అని అక్కడికక్కడే అడగొచ్చు. నా ఓటు దీనికే. కాకపోతే అది ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో ల్యాబే చెప్పాలి.

సిబ్బంది తక్కువున్న జనరల్ వార్డులో రిజిస్టర్‌తో మొదలుపెట్టండి. వెంటిలేటర్లు, లైన్లు ఉండే ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ), పీఐసీయూ (పిల్లల ఐసీయూ)ల్లో రౌండ్లు మానొద్దు. ఒకే క్రిమి ఇద్దరు పిల్లల్లో కనిపిస్తే ఆ రోజే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలి.